గ్యాస్ బావి చుట్టూ ఊరి లెక్కలు: కోనసీమలో తవ్వకాలపై జనాభిప్రాయం ఎలా ఏర్పడుతోంది

క్లుప్తంగా

గోదావరి డెల్టాలో చమురు, గ్యాస్ తవ్వకాలను జనం గుండుగుత్తగా వ్యతిరేకించడమూ లేదు, గుండుగుత్తగా ఆహ్వానించడమూ లేదు. బావికి భూమి ఇచ్చినవారు, పైపులైను కింద తోట పోయినవారు, గేటు దగ్గర కాంట్రాక్టు పని దొరికినవారు, వేట దెబ్బతిన్న మత్స్యకారులు వేర్వేరు లెక్కల మీద మాట్లాడతారు. చట్టప్రకారం ఆదాయం రాష్ట్ర, కేంద్ర ఖజానాలకు చేరుతుంది. ప్రమాదం మాత్రం బావి, పైపు ఉన్న సర్వే నంబర్లలోనే ఉండిపోతుంది. నష్టాన్ని కొలిచే అంకెలు కూడా ఊరి చేతిలో ఉండవు కాబట్టి, ప్రతి లీకూ పాత అనుమానాలన్నిటినీ తిరగదోడుతుంది.

ఒకే ఊరు, వేర్వేరు మాటలు

కోనసీమకు చమురు సంస్థలు కొత్త కాదు. ఈ ప్రాంతంలో అన్వేషణ 1970ల చివరి నుంచీ సాగుతోంది. తాటిపాకలో ప్రభుత్వ రంగ చమురు సంస్థ ఓఎన్‌జీసీ 2001 నుంచి ఏడాదికి 66 వేల టన్నుల సామర్థ్యమున్న చిన్న రిఫైనరీ నడుపుతోంది. సముద్రంలో తీసిన గ్యాస్ ఓడలరేవు దగ్గర ఒడ్డుకు చేరుతుంది. రాజోలు, మామిడికుదురు, మలికిపురం, అల్లవరం మండలాల్లో కొబ్బరి తోటల మధ్య కంచె వేసిన బావులూ, గట్ల వెంట పైపులైను హెచ్చరిక స్తంభాలూ ఎప్పటి నుంచో ఉన్నవే.

బయటి పాఠకుడిని తికమక పెట్టేది వార్తల తీరు. ఒక వారం ఊరివాళ్లు రిగ్గును (బావి తవ్వే యంత్రాన్ని) అడ్డుకున్నారని వస్తుంది. నెల తిరక్కుండా అదే ఊరి యువకులు ఆ రిగ్గులోనే పనులు స్థానికులకు ఇవ్వాలని ధర్నా చేస్తారు. ఇది పరస్పర విరుద్ధంగా కనిపిస్తుంది గానీ, రెండు ధర్నాల్లో కూర్చున్నవారు చాలాసార్లు ఒకరు కారు.

డ్రిల్లింగ్ సైటుకు సాధారణంగా నాలుగైదు ఎకరాలు కావాలి. రిగ్గు, మడ్ (తవ్వేటప్పుడు బావిలో నింపే బరువైన ద్రవం) ట్యాంకులు, జనరేటర్లు, వ్యర్థాల గుంట, సిబ్బంది బస అన్నీ అందులోనే సర్దుతారు. ఆ స్థలాన్ని కౌలుకు తీసుకుంటే యజమానికి ఏటా డబ్బు వస్తుంది. చిన్న కమతంలో కొబ్బరి దింపు మీద వచ్చేదాంతో పోలిస్తే అది నికరమైన రాబడి. కాంట్రాక్టరు దగ్గర సెక్యూరిటీ గార్డుగానో, డ్రైవరుగానో, వంటపనిలోనో చేరినవారికి నెల జీతం ఉంటుంది. సైటుకు రెండు పొలాల అవతల ఉన్న కుటుంబానికి మాత్రం రాత్రంతా జనరేటర్ల హోరు, ఫ్లేర్ (మిగులు గ్యాస్‌ను కాల్చే మంట) వెలుగు, పంట కాలువ గట్టు మీద తిరిగే బరువు లారీలు మిగులుతాయి. ఆ ఇంటికి కౌలు లేదు, జీతం లేదు. గొంతెత్తేవారిలో ఎక్కువమంది ఈ మూడో వరసవారే. వారికి పరిహారం ఇవ్వాలంటే ఏ పద్దు కింద ఇవ్వాలో ఏ చట్టంలోనూ స్పష్టంగా లేదు.

గ్యాస్ ఎవరిది, రాయల్టీ ఎవరికి

అమెరికాలో చాలాచోట్ల నేల కింది ఖనిజం మీద హక్కు భూయజమానికి ఉంటుంది. పెన్సిల్వేనియాలో చట్టమే కనీసం 12.5 శాతం రాయల్టీ భూయజమానికి దక్కాలని నిర్దేశిస్తుంది. అందుకే అక్కడ షేల్ గ్యాస్ మీద జరిగిన వాదులాటలో ఖనిజ హక్కు చేతిలో ఉన్న రైతులూ, హక్కు ఎప్పుడో అమ్ముకున్నవారూ చెరోవైపు నిలబడటం మామూలైంది. ఆ రాష్ట్రం 2012లో ఒక్కో షేల్ బావి మీద ఏటా ప్రభావ రుసుము విధించి, అందులో పెద్ద వాటాను బావులున్న కౌంటీలకు, పట్టణాలకు పంచే ఏర్పాటు చేసింది.

భారతదేశంలో ఆ దారి లేదు. నేల మీద తీసే చమురు, గ్యాస్‌కు లీజును కేంద్రం ఆమోదంతో రాష్ట్రం ఇస్తుంది, రాయల్టీ రాష్ట్ర ఖజానాకు పోతుంది. గ్యాస్ మీద అది బావి దగ్గరి విలువలో 10 శాతం. సముద్రంలో తీసినదాని రాయల్టీ కేంద్రానిది. 2009లో ఉత్పత్తి మొదలైన కేజీ డీ6 (కృష్ణా-గోదావరి సముద్ర క్షేత్రం) గ్యాస్ కాకినాడ దగ్గరి గాడిమొగలో ఒడ్డెక్కినా, దాని రాయల్టీ మీద ఆంధ్రప్రదేశ్‌కు హక్కు లేదు. ఇది కేంద్ర, రాష్ట్రాల మధ్య పంచాయితీ. ఊరి దాకా వస్తే సంగతి ఇంకా తేలిక: బావి ఉన్న గ్రామ పంచాయతీకి ఈ రాయల్టీలో చట్టబద్ధమైన నిర్ణీత వాటా అంటూ లేదు.

బొగ్గు, ఇనుప ఖనిజం ఉన్న జిల్లాలతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు తెచ్చారు. పాత లీజుల మీద రాయల్టీలో 30 శాతానికి, వేలంలో ఇచ్చిన లీజుల మీద 10 శాతానికి సమానమైన మొత్తం అదనంగా జిల్లా నిధికి చేరి, గనుల ప్రభావిత గ్రామాల్లో ఖర్చు కావాలి. ఆ చట్టం ‘ఖనిజ నూనెల’కు వర్తించదు. చమురు, గ్యాస్‌కు వేరే చట్టం ఉంది, అది 1948 నాటిది. ఫలితంగా సింగరేణి ఊరికి ఉన్న నిధి కోనసీమ ఊరికి లేదు.

ఆ ఖాళీని కంపెనీల సామాజిక బాధ్యత నిధులతో పూడుస్తున్నామని సంస్థలు చెబుతాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి, స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. అయితే ‘ప్రాధాన్యం’ అనే మాటకు శాతం లేదు. మామిడికుదురు మండలానికి ఇంత అని ముందే తేల్చే సూత్రమూ లేదు. తాగునీటి ప్లాంటు, బడి గది, సిమెంటు రోడ్డు వస్తాయి గానీ అవి అడిగి తెచ్చుకున్నవిగా, ఇంకా చెప్పాలంటే ధర్నా చేసి తెచ్చుకున్నవిగా ఊరికి గుర్తుంటాయి. హక్కుగా ఏటా వచ్చేది లేనప్పుడు, అడ్డుకుంటేనే పని జరుగుతుందన్న పాఠాన్ని వ్యవస్థే నేర్పుతోందనుకోవాలి.

తరచూ వినిపించే మరో ఫిర్యాదు, మా ఊళ్లో తీసిన గ్యాస్ మా పొయ్యికే రాదన్నది. బావిలోంచి వచ్చే గ్యాస్‌ను నేరుగా వంటింటికి ఇవ్వడం కుదరదు. అందులో నీటి ఆవిరి, కండెన్సేట్ (గ్యాస్‌తో వచ్చే తేలికపాటి ద్రవ చమురు), కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి. వాటిని వేరుచేసి, పీడనం తగ్గించి, లీకైతే ముక్కుకు తెలిసేలా వాసన కలిపి, తక్కువ పీడనపు లైన్లలో పంపాలి. పైగా నేల మీది పాత క్షేత్రాల గ్యాస్ ఎవరికి ఎంతన్నది కేంద్రం చేసే కేటాయింపును బట్టి ఉంటుంది. ఇళ్లకు గ్యాస్ ఇచ్చే అనుమతి వేరే నియంత్రణ మండలి వేరే సంస్థకు ఇస్తుంది. సాంకేతికంగా ఇది సమంజసమైన జవాబే. కానీ దశాబ్దాలుగా బావుల మధ్య సిలిండరు బుక్ చేసుకుంటున్న ఊరికి ఈ జవాబు రుచించకపోవడమూ అంతే సహజం.

పైపు కింద తోట

పైపులైనుకు భూమిని కొనరు. 1962 నాటి చట్టం కింద ‘వినియోగ హక్కు’ మాత్రమే తీసుకుంటారు. భూమి రైతు పేరునే ఉంటుంది. నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పుకోడానికి 21 రోజుల గడువు. పైపు వేసేటప్పుడు పోయిన పంటకు, చెట్లకు నష్టం కట్టిస్తారు. హక్కు తీసుకున్నందుకు ఆ స్థలం మార్కెట్ విలువలో 10 శాతం ఇస్తారు. ఆ తర్వాత ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, చెరువు గానీ బావి గానీ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు.

వరి చేను మీద ఈ షరతు పెద్ద బరువు కాదు. పైపు పూడ్చాక మళ్లీ నాట్లు వేసుకోవచ్చు. కొబ్బరి దగ్గరికి వచ్చేసరికి లెక్క తారుమారవుతుంది. ఒక ఉదాహరణ కడదాం. చతురస్రంగా ఉన్న ఎకరం తోట ఒక్కో వైపు దాదాపు 64 మీటర్లు ఉంటుంది. 8 మీటర్ల ఎడంతో నాటితే అందులో 60కి పైగా చెట్లు పడతాయి. దాని మధ్యగా 18 మీటర్ల వెడల్పు పట్టీ పోతే 28 సెంట్లు, అంటే సుమారు 17 చెట్లు పోతాయి. నరికిన చెట్లకు ఒకసారి పరిహారం వస్తుంది. కానీ కొబ్బరి చెట్టు 50, 60 ఏళ్లు కాపు కాస్తుంది, కాపు తగ్గాక దాని చోటే కొత్త మొక్క పెడతారు. ఇక్కడ ఆ చోటే పోయింది. ఆ 28 సెంట్లకు దక్కేది వాటి విలువలో పదో వంతు. మిగిలిన 72 సెంట్లు రెండు ముక్కలై, అమ్మబోతే ‘లైను పోయిన తోట’గా ధర తగ్గుతుంది. పట్టీ అవతల ఉన్న ముక్క ధర తగ్గినందుకు ఈ చట్టం కింద రైతు గట్టిగా అడగగల పద్దు లేదు.

ఒకే పైపులైను మీద వరి మండలాల్లో పెద్దగా గొడవ లేకపోవడం, కొబ్బరి మండలాల్లో సర్వే రాళ్లు పీకేదాకా వెళ్లడం వెనక ఈ లెక్క ఉంది. దీన్ని కేవలం రాజకీయ ప్రేరేపణగా కొట్టేయడం తేలిక గానీ సరి కాదు.

ఇంకో మెలిక కూడా చట్టంలోనే ఉంది. నోటిఫికేషన్ నాటికి నివాసంగా వాడుతున్న స్థలం కింద, శాశ్వత కట్టడం ఉన్న స్థలం కింద పైపు వేయకూడదు. నేల మట్టానికి కనీసం ఒక మీటరు లోతు ఉండాలి. కానీ కోనసీమలో ఊరు, తోట విడివిడిగా ఉండవు. తోటల్లోనే ఇళ్లుంటాయి, పిల్లలు వేరు పడితే పక్కనే మరో ఇల్లు లేస్తుంది. పట్టీ మీద కట్టకపోయినా, పట్టీకి పది అడుగుల దూరంలో కట్టడాన్ని ఈ చట్టం ఆపదు.

పైపులైను రూపకల్పన నియమాలు దీన్ని ముందే ఊహించాయి. 1.6 కిలోమీటర్ల నిడివిలో, పైపుకు అటూ ఇటూ 200 మీటర్ల లోపు ఎన్ని నివాసాలున్నాయో లెక్కించి ఆ ముక్కకు తరగతి కడతారు. 10 లోపైతే మొదటి తరగతి, 46 గానీ అంతకు మించి గానీ ఉంటే మూడోది. తరగతి పెరిగిన కొద్దీ పైపు గోడ మందం పెరగాలి లేదా పీడనం తగ్గాలి. మధ్యలో సరఫరా ఆపే వాల్వుల దూరమూ తగ్గాలి: మొదటి తరగతిలో 32 కిలోమీటర్లకు ఒకటి చాలు, మూడో తరగతిలో 16కే ఉండాలి. ఇళ్లు పెరిగాక ఈ లెక్క మళ్లీ చేశారా లేదా అన్నది ఊరివాళ్లకు తెలిసే మార్గం మామూలుగా లేదు.

నగరం గ్రామ ప్రమాదం ఏం మార్చింది

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో ప్రభుత్వ రంగ గ్యాస్ రవాణా సంస్థ గెయిల్ పైపులైను లీకై, గ్యాస్ అంటుకుని 20 మందికి పైగా చనిపోయారు. అది తాటిపాక నుంచి కొండపల్లి వైపు విద్యుత్ ప్లాంటుకు వెళ్లే 18 అంగుళాల లైను.

ప్రమాదం వెనకున్న యంత్రాంగం తెలుసుకోదగ్గది. ఆ లైనులో పోవాల్సింది తేమ తీసేసిన పొడి గ్యాస్. విచారణలో తేలింది, అందులో తడి గ్యాస్ పోతోందని. గ్యాస్‌లోని నీరు పైపు పల్లపు భాగాల్లో నిలుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ ఆ నీటిలో కరిగి బలహీనమైన ఆమ్లమవుతుంది. ఉక్కును అది అడుగు నుంచి, చుక్కలు చుక్కలుగా తినేస్తుంది. పైన పూత బాగానే కనిపిస్తుంది, తుప్పు లోపలే నడుస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే గోడ మందాన్ని కొలుస్తూ పోయే పరికరాన్ని పైపు లోపలికి పంపాలి. రాకుండా చూడాలంటే గ్యాస్‌ను గ్లైకాల్‌తో ఆరబెట్టాలి, తుప్పు నిరోధక రసాయనం ఎక్కించాలి, అడుగున చేరిన నీటిని ఎప్పటికప్పుడు తోసేయాలి. వీటిలో ఏది తప్పినా కొన్నేళ్ల దాకా ఏమీ కనబడదు. ఆ తర్వాత చిన్న రంధ్రంతో మొదలవుతుంది.

శుద్ధమైన మీథేన్ గాలి కంటే తేలిక, పైకి పోతుంది. కండెన్సేట్ ఆవిరి కలిసిన గ్యాస్ బరువెక్కి నేలను అంటిపెట్టుకుంటుంది. గాలి కదలని వేకువ వేళ, చెట్లు దట్టంగా ఉన్న పల్లపు నేలలో అది పాకి ఇళ్ల మధ్య నిలుస్తుంది. ఊళ్లో ఎవరో ఒకరు పొయ్యి వెలిగించే వేళ కూడా అదే. పెద్ద సరఫరా లైన్లలోని గ్యాస్‌కు వంటగ్యాస్‌లా వాసన కలిపే ఆనవాయితీ సాధారణంగా ఉండదు కాబట్టి ముక్కును నమ్ముకోవడం కుదరదు.

ఆ లైను అంతకుముందే లీకైందని, చెప్పినా పైపై మరమ్మతులతో సరిపెట్టారని గ్రామస్థులు అప్పట్లో ఆరోపించారు. జనాభిప్రాయం మీద ఈ ఆరోపణ వేసిన ముద్ర, ప్రమాదం వేసిన ముద్ర కంటే తక్కువేమీ కాదు. అప్పటివరకూ భయానికి ఒక చిరునామా ఉండేది: బావి. దానికి దూరంగా ఉంటే నిశ్చింత. నగరం తర్వాత ప్రమాదం కంచె దాటి, ఎవరి ఇంటి వెనకైనా పోయే పైపులోకి వచ్చింది. చెప్పినా వినరన్న నమ్మకం కూడా దానితోపాటే పాతుకుపోయింది.

బావి దగ్గర ఏం తప్పుతుంది

కోనసీమలో ‘బ్లోఅవుట్’ తెలుగు మాటే అయిపోయింది. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర బావి అదుపు తప్పి 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు. విదేశీ నిపుణుల సాయంతో మార్చి మధ్యకు గానీ మంట అణగలేదు.

డ్రిల్లింగ్ సాగుతున్నంతసేపూ బావి గొట్టంలో నిండి ఉన్న మడ్ బరువు, అడుగున పొరలోని గ్యాస్ పీడనం కంటే ఎక్కువగా ఉండాలి. మడ్ పలచబడినా, గొట్టాలు పైకి లాగేటప్పుడు ఖాళీ అయిన మేర మళ్లీ నింపకపోయినా, ఊహించని అధిక పీడనపు పొర తగిలినా గ్యాస్ బావిలోకి చొరబడుతుంది. ట్యాంకుల్లో మడ్ మట్టం పెరగడం దానికి తొలి గుర్తు. ఆ నిమిషాల్లో బ్లోఅవుట్ ప్రివెంటర్ (బావి నోటిని బిగించే వాల్వుల యంత్రం) మూసి, బరువైన మడ్ పంపి గ్యాస్‌ను బయటికి తోలేయాలి. పొరపాటు సాధారణంగా యంత్రంలో కంటే, గుర్తును ఆలస్యంగా చూడటంలో ఉంటుంది.

తవ్వడం అయిపోయాక ప్రమాదం పోయిందనుకోవడం పొరపాటు. ఉత్పత్తి తగ్గిన పాత బావిని మరమ్మతు చేసే వర్కోవర్‌లో, బావి నోటి దగ్గరున్న వాల్వుల గుత్తిని విప్పి ప్రివెంటర్ బిగించే మధ్యకాలం సున్నితమైనది. అస్సాంలోని బాఘ్‌జాన్‌లో 2020 మే 27న ఆయిల్ ఇండియా బావి అదుపు తప్పింది వర్కోవర్ పని జరుగుతుండగానే. జూన్ 9న అది అంటుకుంది, ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. నవంబరు మధ్యలో గానీ దాన్ని పూర్తిగా అదుపు చేయలేకపోయారు. పక్కనున్న మాగురి చిత్తడి నేల కలుషితమై చేపల వేట మీద బతికేవారు దెబ్బతిన్నారు. కొత్త రిగ్గు వస్తే ఊరు కదులుతుంది, పాత బావి మీదికి వర్కోవర్ రిగ్గు వస్తే పెద్దగా పట్టించుకోదు. సాంకేతికంగా చూస్తే రెండింటి మీదా ఒకే శ్రద్ధ ఉండాలి.

నేల కుంగుతోందా?

అన్నిటికంటే చిక్కు ప్రశ్న ఇదే. గ్యాస్ తీసేకొద్దీ కోనసీమ కుంగిపోతుందన్న మాట ఊళ్లలో బలంగా ఉంది. సూత్రప్రాయంగా అందులో తప్పు లేదు. పొరలోని పీడనం తగ్గితే పైనున్న రాతి బరువుకు అది అణుగుతుంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగన్‌లో 1963 నుంచి గ్యాస్ తీశాక నేల మధ్యభాగంలో 30 సెంటీమీటర్లకు పైగా దిగింది, భూప్రకంపనలు వచ్చాయి. 2012 ఆగస్టులో హౌజింగే దగ్గర వచ్చిన 3.6 తీవ్రత ప్రకంపనతో జనాభిప్రాయం తిరగబడి, చివరికి 2023 అక్టోబరు 1న ఉత్పత్తి ఆపేశారు.

అయితే గ్రోనింగన్ ప్రపంచంలోని అతిపెద్ద గ్యాస్ క్షేత్రాల్లో ఒకటి, ఒకే ముద్దగా విశాలంగా పరచుకున్నది. కోనసీమ నేల మీది నిక్షేపాలు చిన్నవి, చెదురుమదురుగా, లోతుగా ఉన్నవి. కుంగుబాటు ఎంతన్నది పొర మందం, పీడనం ఎంత పడిపోయింది, రాయి ఎంత గట్టిది, క్షేత్రం ఎంత వెడల్పు అన్నవాటి మీద ఉంటుంది. గ్రోనింగన్ అంకెను ఇక్కడికి తెచ్చి అతికించడం కుదరదు.

పైగా డెల్టా కుంగడానికి ఇక్కడ వేరే బలమైన కారణం ఉంది. డెల్టా ఒండ్రు దానంతటదే అణుగుతూ ఉంటుంది, ఏటా వరద తెచ్చే కొత్త ఒండ్రు ఆ లోటును పూడుస్తుంది. 1970ల్లో ధవళేశ్వరం దగ్గర గోదావరి ఏటా మోసిన ఒండ్రు సుమారు 15 కోట్ల టన్నులు. ఎగువన ఆనకట్టలు పెరిగాక 1990ల నాటికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. దీనికి సముద్రమట్టం పెరుగుదల, డ్రెయిన్ల గుండా ఎగదన్నే పోటు నీరు, చెరువులకూ తాగడానికీ తోడే భూగర్భజలం తోడయ్యాయి. కొబ్బరి దిగుబడి తగ్గడం సంగతీ ఇలాంటిదే. 1996 తుపాను కూల్చిన తోటలు, ఆ తర్వాత వచ్చిన ఎరియోఫిడ్ నల్లి, 2016 తర్వాత సర్పిలాకార తెల్లదోమ, ఉప్పునీరు, ఫ్లేర్ వేడి అన్నీ ఒకే చెట్టు మీద పని చేస్తున్నాయి. వీటిలో కంటికి కనిపించేది మంట ఒక్కటే. అందుకే నింద ముందుగా దాని మీదికి పోతుంది.

తేల్చడానికి మార్గాలున్నాయి. బావుల చుట్టూ, వాటికి దూరంగా ఉన్న చోట్లా స్థిర జీపీఎస్ కేంద్రాలు పెట్టి ఏళ్ల తరబడి కొలవాలి. ఉపగ్రహ రాడార్ చిత్రాలతో మిల్లీమీటర్లలో మార్పు చూడాలి. వాటిని క్షేత్రాల పీడన లెక్కలతో సరిపోల్చాలి. బావుల మీద కుంగుబాటు గిన్నె ఆకారంలో కనబడితే కారణం గ్యాస్, డెల్టా అంతటా సమంగా ఉంటే కారణం వేరు. ఊరివాళ్లు నమ్మాలంటే ఆ కొలతలు సంస్థ కార్యాలయంలో కాక బహిరంగంగా ఉండాలి. గ్రోనింగన్‌లో ఆలస్యంగానైనా చేసిన ముఖ్యమైన మార్పు ఒకటుంది: ఇంటి గోడ బీటలకు కారణం గ్యాసేనని ఇంటి యజమాని రుజువు చేయాల్సిన అవసరం తీసేసి, కాదని నిరూపించే భారాన్ని చట్టప్రకారం సంస్థ మీద పెట్టారు.

కోనసీమలో సంస్థ మీద బాధ్యత పెట్టిన తీర్పు కాలుష్యం విషయంలో వచ్చింది. 2022లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఓఎన్‌జీసీని 22 కోట్ల రూపాయలకు పైగా పర్యావరణ పరిహారం కట్టమంది.

ప్రజాభిప్రాయ సేకరణలో ఏం జరుగుతుంది

2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ఉత్పత్తి బావులకు కేంద్ర అనుమతి, దానికి ముందు బహిరంగ విచారణ ఉండాలి. 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. వీడియో తీయాలి. కోరం అక్కర్లేదు. చేతులెత్తి ఓటింగు ఉండదు. ఊరంతా వద్దన్నంత మాత్రాన అనుమతి ఆగదు. అభ్యంతరాలు నమోదై, వాటికి సంస్థ జవాబు చెప్పాలి, అంతవరకే.

2020 జనవరిలో దీన్ని సవరించి అన్వేషణ బావులను తక్కువ స్థాయి వర్గానికి మార్చారు. దాంతో వాటికి బహిరంగ విచారణ పోయింది. గ్యాస్ దొరికితేనే ఊరిని అడుగుతారన్నమాట. అప్పటికి రోడ్డు వేసి, రిగ్గు తెచ్చి, ఖర్చు పెట్టేసి ఉంటారు. అభిప్రాయం చెప్పడానికి అసలైన వేదిక పోయినప్పుడు లారీ ముందు కూర్చోవడమే వేదికవుతుంది.

కావేరిలో వేరుగా ఎందుకైంది

తమిళనాడులో 2017లో నెడువాసల్, కదిరామంగళం ఉద్యమాలు చెలరేగాయి. 2020లో రాష్ట్రం కావేరి డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటించే చట్టం చేసి, కొత్త చమురు, గ్యాస్ అన్వేషణను నిషేధించింది. అప్పటికే నడుస్తున్నవి ఆగలేదు. గోదావరి డెల్టాలో అంత పెద్ద ప్రమాదాలు జరిగినా అలాంటి చట్టం కోసం బలమైన డిమాండ్ లేవలేదు.

దీనికి రెండు కారణాలు చెప్పుకోవచ్చు. కావేరి రైతులు నీటి పంచాయితీ కోసం దశాబ్దాలుగా సంఘటితమై ఉన్నారు. ‘డెల్టా’ అన్నదే వారికి రాజకీయ గుర్తింపు, కొత్త ముప్పు రాగానే ఆ బలగం సిద్ధంగా ఉంది. రెండోది, గోదావరి వైపు గ్యాస్ చుట్టూ విద్యుత్ ప్లాంట్లు, ఎరువుల కర్మాగారాలు, రవాణా, కాంట్రాక్టులు అల్లుకుపోయి, మధ్యతరగతిలో కొంత భాగానికి ఇది జీవనాధారమైంది. ఇక్కడి డిమాండ్లు ‘ఆపండి’ అనడం కంటే ‘కట్టండి, మార్చండి, పని ఇవ్వండి’ అనే వైపు మొగ్గుతాయి.

మత్స్యకారుల సంగతి దీనికి మంచి ఉదాహరణ. సముద్రంలో పైపులైను పనుల వల్ల వేట కోల్పోయిన కుటుంబాలకు నెలకు 11,500 రూపాయల లెక్కన ఓఎన్‌జీసీ పరిహారాన్ని 2022లో పంచారు. డబ్బు అందాక వ్యతిరేకత చాలావరకు జాబితా మీదికి మళ్లింది: ఎవరి పేరుంది, ఎవరిది లేదు, ఏ ఊరు ప్రభావిత ప్రాంతం కిందికి రాదు.

ఇకముందు

నేల మీది క్షేత్రాలు పాతబడుతున్నాయి. పీడనం తగ్గేకొద్దీ గ్యాస్‌తో పాటు వచ్చే ఉప్పునీరు పెరుగుతుంది, దాన్ని పారబోయడమో తిరిగి భూమిలోకి ఎక్కించడమో పెద్ద పనవుతుంది. వర్కోవర్లు పెరుగుతాయి. బావుల నుంచి సేకరణ కేంద్రాలకు పోయే చిన్న లైన్లు తుప్పు పడతాయి. చిన్న నిక్షేపాలు చిన్న సంస్థల చేతికి, బావుల నిర్వహణ కాంట్రాక్టర్ల చేతికి మళ్లుతున్నాయి. లీకైనప్పుడు లీజుదారు, కాంట్రాక్టరు, పైపులైను సంస్థ ఒకరినొకరు చూపించే అవకాశం దీంతో పెరుగుతుంది. నియంత్రణ కూడా ఒకచోట లేదు. గని భద్రత ఒకరిది, పైపులైను మరొకరిది, కాలుష్యం ఇంకొకరిది. రాబోయే గొడవలు కొత్త రిగ్గుల మీద కంటే పాత లైన్లు, మురుగునీటి మీద ఎక్కువగా ఉంటాయని అంచనా వేయడానికి ఇవే ఆధారం.

ఊరి చేతిలో ఇప్పటికే ఉన్నా పెద్దగా వాడని పత్రం ఒకటుంది. పర్యావరణ అనుమతి పొందిన ప్రతి ప్రాజెక్టూ ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అది బహిరంగ పత్రం. అందులో చూడాల్సినవి నాలుగు: ఉత్పత్తి నీరు (గ్యాస్‌తో వచ్చే ఉప్పునీరు) ఎంత వచ్చి ఎటు పోయింది; ఫ్లేర్‌లో ఎంత గ్యాస్ కాలింది; చుట్టుపక్కల బోర్ల నీటి పరీక్షలు ఏ ఊళ్లలో చేశారు; అత్యవసర సన్నద్ధత డ్రిల్లు ఎప్పుడు జరిగింది, అందులో గ్రామస్థులు ఉన్నారా. పైపులైను తరగతి లెక్క, లోపలి తనిఖీ తేదీ ఇందులో ఉండవు. ప్రభుత్వ రంగ సంస్థలైతే వాటిని సమాచార హక్కు కింద విడిగా అడగాలి. ప్రైవేటు ఆపరేటరైతే అడగాల్సింది ఆ సంస్థను కాదు, దానికి అనుమతి ఇచ్చిన నియంత్రణ మండలిని.